రెండోసారి కూలిన ఓరుగల్లు

జగదల్‌పూర్ రాజమహల్ తెల్లగా మెరుస్తుంది. వాకిట్లోనే దంతేశ్వరి అమ్మవారి గుడి. అమ్మకు దండం పెట్టి లోపలికి నడిచే తెలుగువాడికి ఆ గోడలు పరాయివిగా తోచవు. 1323లో ఓరుగల్లు కూలాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి ఈ అడవుల్లో రాజ్యం నిలిపాడని బస్తర్ చెప్పుకుంటుంది. ఆ వంశంలో ఈ గద్దె మీద పెరిగిన పసివాడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్. 1966 మార్చి 25న, పరాభవ నామ సంవత్సర ఉగాది వెళ్లిన వారంలోనే, తన మహల్ మెట్ల మీద పోలీసు తూటాలకు ఒరిగిపోయాడు.

  

తల్లి ప్రఫుల్లకుమారీ దేవి 1936లో లండన్‌లో కన్నుమూసింది. పసివాడి నెత్తిన రాజ్యం పడింది. ఆ తల్లి ఇంకొన్నేళ్లు బతికుంటే! 1948లో బస్తర్ విలీనమైంది. 1953లో ఆస్తి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి పోయింది. 1957లో కాంగ్రెస్ తరఫున గెలిచి శాసనసభలో అడుగుపెట్టాడు. అప్పుడైనా సర్కారు కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే, అతనూ కాస్త ఓర్చుకుని ఉంటే! 1961 ఫిబ్రవరిలో నిర్బంధించారు, రాజుగా గుర్తింపు తీసి తమ్ముడికిచ్చారు. మార్చి 31న లోహండీగూడలో, తమ రాజు కోసం గుమిగూడిన ఆదివాసీల మీద తుపాకులు పేలాయి. ఆ నెత్తురు చాలు, ఇక ఆగుదాం అనుకున్న పెద్దమనిషి ఒక్కడూ లేకపోయాడు.

అడవికి ఆ రాజు ఎవరో దసరా చూస్తే తెలుస్తుంది. ముళ్ల ఉయ్యాల మీద పడుకున్న బాలిక అనుమతి ఇస్తేనే బస్తర్ పండుగ మొదలు. చివర్లో ఆదివాసీలు పెద్ద కొయ్యరథాన్ని రాత్రికి రాత్రి కుమ్డాకోట్ అడవికి లాక్కుపోతారు. రాజు వాళ్ల దగ్గరకు వెళ్లాలి, వాళ్లతో కలిసి కొత్తబియ్యం తినాలి, బతిమాలి రథం తెచ్చుకోవాలి. అలిగిన జనాన్ని రాజు బుజ్జగించే పండుగ అది. సర్కారుకు ఆ పద్ధతి కళ్లెదుటే ఉంది. నేర్చుకోలేదు.

1966 నాటికి ఆ కొత్తబియ్యమే కరువైంది. లెవీ కింద ధాన్యం పోతుంటే జనం కడుపు చేతపట్టుకుని మహల్‌కు వచ్చారు. వాళ్ల చేతుల్లో విల్లమ్ములున్నాయి. ఎదురుగా తుపాకులు 61 సార్లు పేలాయి. రాజుతో కలిపి చనిపోయింది 12 మంది అని సర్కారు లెక్క. ఆ లెక్కను బస్తర్ ఈనాటికీ నమ్మదు. ఓరుగల్లులో పరాయి సైన్యం కొట్టింది, ఈసారి కొట్టింది సొంత దేశమే. అదే గుండెను కోస్తుంది.

రాజు పోయినా అతని పేరు పోలేదు. 1970ల మొదట్లో ఒక బాబా వచ్చి ప్రవీర్‌ను నేనేనన్నాడు. మాంసం మానమన్నాడు, కల్లు మానమన్నాడు, మెడలో తులసిపూసలు వేసుకోమన్నాడు. వేలమంది మానేశారు, పూసలు కట్టుకున్నారు.