పింఛనుదారుల ఊరిలో రాతి నాటకశాల



సర్వీసు ముగించిన వారి కోసం ఒక ఊరినే నెలకొల్పిన ప్రభుత్వం రెండువేల ఏళ్ళ క్రితం ఉండేదంటే మనబోటి వారికి ఆసక్తి కలగక మానదు. దక్షిణ ఫ్రాన్సులో రోన్ నదీ లోయలోని ఒరాంజ్ అటువంటి పట్టణం. క్రీ.పూ. 35 ప్రాంతంలో, రెండవ దళంలో పనిచేసి విరమించిన రోమన్ సైనికుల కోసం దానిని స్థాపించారు. వారికి భూములు కూడా ఇచ్చారు.

2018లో మా అమ్మాయి కుటుంబంతో వెళ్ళి అక్కడి నాటకశాలను చూశాను. అది క్రీ.శ. మొదటి శతాబ్దపు కట్టడం. రంగస్థలం వెనుక గోడ 103 మీటర్ల పొడవు, 37 మీటర్ల ఎత్తు. ఇంత చక్కగా నిలిచిన గోడ రోమన్ నాటకశాలల్లో బహు అరుదు. నడుమ గూటిలో అగస్టస్ చక్రవర్తి విగ్రహం ఉంది. ఎదురుగా కొండవాలున అర్ధచంద్రాకారంలో మెట్లు. ఆ రోజుల్లో ఎవరి హోదాను బట్టి వారికి వరుస. పెద్దలు ముందు, స్త్రీలు, బానిసలు పై వరుసల్లో. అశ్విక శ్రేణి వారికి మూడు వరుసలని రాతిమీదే చెక్కి ఉంది!

4వ శతాబ్దం చివర ప్రదర్శనలు ఆగిపోయాయి. అయినా గోడను రక్షణకు వాడుకున్నారు, లోపల జనం ఇళ్ళు కట్టుకున్నారు. 19వ శతాబ్దంలో ఆ ఇళ్ళు తొలగించి మెట్లను బాగుచేశారు. 1869లో అక్కడ ఉత్సవాలు మొదలయ్యాయి. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

రెవెన్యూ గుమాస్తాగా పనిచేసిన నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఎదురుగా ఉన్న మ్యూజియం. అక్కడ పాలరాతి పలకల మీద చెక్కిన భూమి రికార్డు ముక్కలున్నాయి. అగస్టస్ ఆ సైనికులకిచ్చిన భూముల్లో ప్రజల ఆస్తిగా ఉండవలసిన వాటిని కొన్నేళ్ళుగా ప్రైవేటువారు అనుభవిస్తున్నారు. వాటిని తిరిగి రాబట్టడానికి క్రీ.శ. 77లో వెస్పేసియన్ చక్రవర్తి, ఒక్కొక్క చెక్కకు ఏటా కట్టవలసిన శిస్తుతో సహా నక్షాను అందరికీ కనబడేలా పెట్టమని ఉత్తర్వు చేశాడు. మన అడంగలు, పటాలు గుర్తుకొచ్చాయి.

ఇచ్చిన హక్కు కూడా కాగితం లేకపోతే జారిపోతుందని ఆ పలకలు చెబుతున్నాయి. కావున సోదరులారా, మీ పింఛను ఉత్తర్వు ప్రతి ఎక్కడ ఉందో ఈరోజే ఇంట్లోవారికి చూపించండి. రేపు కుటుంబ పింఛను కోసం తిరగవలసింది వారే.