ఉన్మాదవైద్యుని యింట నీటిరంగుల బడి

లండను నగరమున థేమ్సు నది యొడ్డున అడెల్ఫీ టెర్రేస్ అను మేడల వరుస యొకటి పూర్వముండెడిది. అందు ఎనిమిదవ సంఖ్యగల యింట, 1790ల నడిమి సంవత్సరములలో, సాయంకాలము ఆరుగంటలు కొట్టగానే ఇరువది యేండ్ల ప్రాయపు యువకులు కొందరు చేరి, బల్లలకు ఎదురెదురుగా కూర్చుండి, ఇద్దరికొక కొవ్వొత్తి వెలుగున, రాత్రి పదిగంటలదాక నీటిరంగులతో చిత్రములు వ్రాయుచుండెడివారని చెప్పుదురు. ఆ యింటి యజమాని వృత్తిచే చిత్రకారుడు కాడు. బెత్లెమ్ అను ఉన్మత్తుల ఆసుపత్రికి ప్రధానవైద్యుడు. తాత, తండ్రి, తాను, తన కుమారుడు, ఇట్లు నాలుగు తరములవారు ఆ కొలువునే చేసిరి. పేరు థామస్ మన్రో. మన రాయలసీమవారు నేటికిని తలచుకొను దత్తమండలముల కలెక్టరు మన్రో దొర ఇతడే యని పాఠకులు పొరబడకుందురు గాక. ఇద్దరును ఒకే కాలమువారే గాని ఆయన వేరు, ఈయన వేరు.

ఆంగ్లదేశపు నీటిరంగుల కళకు ప్రౌఢిమ యబ్బిన తావులలో ఈ యింటి నొకటిగా కళాచరిత్రకారులు పేర్కొందురు. ఆ బడిలో నకలు చేయుటకై కుఱ్ఱవాండ్ర ముందుంచిన మేలుబంతులలో అధికభాగము, అదే వైద్యుని సంరక్షణలో మతిచెడి యున్న యొక చిత్రకారునివి యను సంగతిని మాత్రము వారు ఒక్క వాక్యముతో దాటవేయుదురు. నేను నిలువగోరునది ఆ వాక్యము కడనే.

ఆ చిత్రకారుడు జాన్ రాబర్ట్ కోజెన్స్. 1752లో పుట్టినవాడు. తండ్రియైన అలెగ్జాండర్ కోజెన్స్ రష్యాలో జన్మించి ఇంగ్లండున చిత్రకళోపాధ్యాయుడై, కాగితముపై అలవోకగా సిరామరకలు వేసి, ఆ మరకలలోనే కొండలను, చెట్లను వెదకికొనుడని శిష్యులకు బోధించిన విచిత్రపురుషుడు. కుమారుడు 1776లో ఆల్ప్సు పర్వతములు దాటి ఇటలీకి పోయి 1779లో తిరిగివచ్చెను. 1782లో విలియం బెక్‌ఫర్డ్ అను ధనికుని పరివారముతో మరల పోయెను. ఆ రెండు యాత్రలలో గీచికొన్న గుర్తులే అతని యావజ్జీవితపు పెట్టుబడి. అంతకు మునుపు నీటిరంగనగా, సిరాగీతలతో గీచిన పటముపై పల్చగా పూయు పూత. గీత ముఖ్యము, రంగు దానికి దాసి. నీలము, బూడిదవన్నె, మాసిన ఆకుపచ్చ, ఇంచుమించు ఈ మూడింటితోనే కోజెన్స్ కొండల బరువును, సరస్సుల నిశ్చలతను, వాన వెలిసిన ఆకాశమును పొరమీద పొరగా నిలిపి, రంగునకే గీత చేయవలసిన పనిని అప్పగించినాడు. తరువాతి తరమున కానిస్టేబుల్ అంతటివాడు, ప్రకృతిదృశ్యములు వ్రాసినవారిలో ఇతనిని మించిన ప్రతిభాశాలి లేడని మెచ్చెను. ఇంత చేసినవానికి 1794లో బుద్ధి చలించినది. మిత్రులు చందాలు వేసికొని పోషణభారము వహింపగా, మన్రో వైద్యుడు తన యధీనమున నుంచుకొనెను. అట్లు మూడేండ్లు గడపి 1797 డిసెంబరులో అతడు కన్నుమూసెను.

ఈ మూడేండ్లలోనే అడెల్ఫీ యింట అతని పటములు చేతులు మారుచుండెను. జోసెఫ్ ఫారింగ్టన్ అను చిత్రకారుడు తన దినచర్యలో, 1798 నవంబరున, ఇద్దరు యువకులు తనతో చెప్పిన మాటలను వ్రాసికొనెను. వారు థామస్ గిర్టిన్, విలియం టర్నర్; ఇద్దరును 1775లో పుట్టినవారే. మూడు సంవత్సరములు తాము మన్రో యింట సాయంకాలములు పనిచేసితిమనియు, గిర్టిన్ రేఖలు గీయగా టర్నర్ రంగు పూతలు పూసెననియు, నకలు చేసినవి ముఖ్యముగా కోజెన్స్ విడిచిన రేఖాచిత్రములు, అసమాప్తచిత్రములు ననియు, తనకు రాత్రికి మూడు షిల్లింగుల ఆఱు పెన్సులు ముట్టెననియు టర్నర్ చెప్పెనట. ఆ కాలపు మన్రో బడి నకళ్లలో నీలము, బూడిదవన్నె తప్ప తక్కిన రంగులు అరుదు. కోజెన్స్ ననుసరించుట యొక కారణము. కొవ్వొత్తి పచ్చనివెలుగున ఎఱుపు పసుపుల తారతమ్యము కంటికి తెలియదు గనుక ఆ రెంటితోనే సరిపుచ్చుకొని యుందురనునది నా యూహ.

నీటిరంగు నేర్చుకొనుట ఆనాడు ఎట్టి పనియో కొంచెము చెప్పవలెను. రంగుపొడిని తుమ్మబంకతో మెదిపి ఆరబెట్టిన గట్టి బిళ్లలు అప్పుడప్పుడే అంగళ్లలోనికి వచ్చినవి. తడికుంచె తాకగానే కరగు బిళ్లలను చేసినందుకు రీవ్స్ సోదరులకు 1781లో ఒక సంఘమువారు వెండి పాలెట్టును బహూకరించిరి. అంతకుముందు రంగు నూరుకొనుటకే పూట గడచెడిది. విద్యార్థికి మొదట నేర్పునది సమతలపు పూత. కాగితము నతికించిన పలకను కొంచెము వాలుగా నిలిపి, నిండుగా రంగు పీల్చిన కుంచెను పైయంచున అడ్డముగా నడపినచో దిగువన చిన్న నీటికట్ట యొకటి నిలుచును. దానిని తెగనీయక, మరల రంగు ముంచి, దాని క్రిందనే మరియొక బారు, దాని క్రింద మరియొక బారు దింపవలెను. నడుమ ఆగితివా, ఆ నీరు ఆరి అంచు గట్టును. ఆరకముందే తిరిగి తాకితివా, మరక పూలపూలై విచ్చుకొనును. నూనెరంగును గీకివేసి మరల పూయవచ్చును. ఇచ్చట కాగితపు తెలుపే వెలుగు గనుక, ఒకసారి కప్పబడిన వెలుగు తిరిగి రాదు. కావున ఈ విద్యలో చేయుటకంటె ఆగుట యెక్కువ. ఒక పొర ఆరువఱకు చేతులు కట్టుకొని కూర్చుండుట ఉత్సాహము పొంగి పొరలువానికి దుస్సహము, ఉత్సాహము చచ్చినవానికి కుంచెను తడుపుటయే దుస్సాధ్యము. ఈ రెండవస్థలును పర్యాయముగా వచ్చు మనిషికి ఈ కళ యెంతటి పరీక్షయో ఊహింపవచ్చును.

అట్టి మనిషి యొకడు మన్రో బడికి వచ్చెను. జాన్ సెల్ కాట్మన్ 1782లో నార్విచ్ పట్టణమున జన్మించి, 1798లో లండను చేరి, మన్రో ఆదరణ పొందినాడు. 1805 ప్రాంతమున అతడు వ్రాసిన గ్రీటా వంతెన చిత్రమును చూచినవారికి అతని చేతి నిగ్రహము తెలియును: ప్రతి పూతయు తన హద్దులో తానుండి, ప్రక్కపూతను తాకియు తాకక, రాయి, నీరు, ఆకులు మూడు నాలుగు వన్నెల పలకలై యొదిగియుండును. ఆ చేయి కలవాని బ్రతుకున మాత్రము ఆ యొదుగు లేదు. కొన్ని నెలలు అపరిమితోత్సాహముతో పటములు, పథకములు, అప్పులు. తరువాత కొన్ని నెలలు మంచము విడువనీయని నిరాశ. ఈ దశలు అతని యుత్తరములలోనే కనబడుచున్నవి. కూటికై అతడు చిత్రకళోపాధ్యాయుడయ్యెను. 1812లో యార్మత్ చేరి, డాసన్ టర్నర్ అను బ్యాంకు యజమాని భార్యకును కుమార్తెలకును ఏండ్లతరబడి బొమ్మలు గీయుట నేర్పెను. 1809 నాటికే తన చిత్రములను అరువిచ్చు గ్రంథాలయపు పుస్తకములవలె చందాదారులకు నకలు చేసికొనుట కిచ్చు పద్ధతిని పెట్టినాడు. మన్రో యింట తాను కోజెన్స్ పటములనుండి నేర్చినట్లే తన పటములనుండి ఇతరులు నేర్వవలెనని తలచెను కాబోలు. 1834లో లండనులోని కింగ్స్ కాలేజి పాఠశాలలో చిత్రలేఖనము బోధించు నుద్యోగము దొరకినది. పిల్లలు పెక్కుమంది యగుటచే, తండ్రియు కుమారులును ఇంట కూర్చుండి మేలుబంతులు వ్రాసి, సంఖ్యలు వేసి, తరగతికి పంపుచుండిరి. ఇంచుమించు ఈ కాలముననే అతడు పులిసిన పిండిజిగురు వంటి దానిని రంగులో కలిపి చిక్కన చేయుట మొదలుపెట్టెను. ఆ చిక్కదనమున రంగు తొందరగా పారదు. కుంచె జాడ నిలుచును. పైనుండి తుడిచి వెలుగు తీయను వచ్చును. పూర్వపు నిర్మలమైన పలుచని పూతలతో పోల్చి కొందరు విమర్శకులు ఈ చిత్రములను తక్కువ చేయుదురు గాని, ఏబది దాటిన రోగి తన చేతికి లొంగు సాధనమును తానే కల్పించుకొనుట నాకు మెచ్చదగినదిగనే తోచుచున్నది.

1841 శరత్తున కాట్మన్ చివరిసారి నార్ఫక్ వెళ్లి, పొంగివచ్చిన యుత్సాహముతో వరదముంచిన పొలములను, చెట్లను నల్లసుద్దతో గీచికొనివచ్చెను. లండను తిరిగి వచ్చినపిమ్మట ఆ గుర్తులనుండి వ్రాయదొడగిన చిత్రము సగములో నిలిచినది. మరల క్రుంగిపోయి 1842 జులైలో మరణించెను. అతని కుమారులలో నొకడైన జాన్ జోసెఫ్ సయితము చిత్రకారుడే. తండ్రి కళతోపాటు తండ్రి వ్యాధియు అతనికి సంక్రమించెను.

ఇక మన్రో వైద్యమును గూర్చి చెప్పవలసినది మిగిలియున్నది. తనకు మూడున్నర షిల్లింగులిచ్చిన వైద్యుని ఆసుపత్రిలోనే టర్నర్ తల్లి మేరీ 1800 డిసెంబరున చేర్చబడి, 1804లో అచ్చటనే మరణించినది. బెత్లెమున ఆనాటి చికిత్స యేమో 1815లో పార్లమెంటు సంఘము ఎదుట మన్రో తానే సాక్ష్యమిచ్చెను: వసంతమున నెత్తురు తీయుట, తరువాత వమనము, ఆపైన విరేచనము, ఇది తన తండ్రి చేయగా తాను చేయుచున్నదనియు, ఇంతకంటె మంచి పద్ధతి తా నెఱుగననియు. నోరిస్ అను రోగిని సంవత్సరములతరబడి ఇనుపకట్లలో బిగించియుంచిన వైనము బయటపడగా దేశము అట్టుడికినది. 1816లో మన్రో పదవి వదలుకొనెను. సాయంకాలము కుఱ్ఱవాండ్ర చేతిలో రంగుల స్వచ్ఛతను గుర్తింపగల మనిషికి ఉదయము బెత్లెమ్ గదులలో కనబడునది కనబడలేదు. రసికత్వము కనికరమునకు పూచీ కాదని ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

నీటిరంగులు, ఉన్మాదము రెండును కలిసిన మరియొక బ్రతుకు కళావిమర్శకుడు జాన్ రస్కిన్‌ది. అతని కథ మనవారికి కొంత తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పెదను. 1854 మొదలు లండను శ్రామికుల కళాశాలలో వడ్రంగులకు, రాతప్రతుల పనివారికి చిత్రలేఖనము నేర్పి, ఆ పాఠములను 1857లో పుస్తకముగా ప్రకటించెను. బఠానీగింజంత రంధ్రము చేసిన తెల్లని అట్టముక్కనుండి ఎదుటి వస్తువును చూచి, ఆ రంధ్రమున కనబడు వన్నెను అట్టపైననే కలిపి సరిపోల్చుకొనుడని అందొక అభ్యాసము కలదు. ఎవరైనను నేడే చేసి చూడవచ్చును, ఆకు పచ్చన యని మనమెంతగా భ్రమపడుచుంటిమో తెలిసిపోవును. టర్నర్ కళకు జీవితమంతయు వకాల్తా పుచ్చుకొన్న ఆ రస్కిన్‌కు 1878 ఫిబ్రవరిలో తొలి ఉన్మాదము వచ్చినది. కోలుకొనగానే మిత్రులు వేయి గినీలు చందాలెత్తి, అతడు చిరకాలముగా కోరిన టర్నర్ నీటిరంగు చిత్రమును, స్ప్లూగెన్ కనుమను, కొని కానుకగా నిచ్చిరి. ఉన్మాదము 1881లో, తరువాత పలుమారులు తిరిగివచ్చి, 1889 పిమ్మట అతని కలమును, కుంచెను శాశ్వతముగా లాగికొనినది. 1900 వఱకు అతడు మౌనముగా బ్రతికెను.

ఈ నీటిరంగుల పరంపరలోని పాయ యొకటి గోదావరి యొడ్డునకును వచ్చినది. రాజమహేంద్రవరపు కళాశాలకు ప్రధానోపాధ్యాయుడుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే తాను నీటిరంగులు వ్రాయువాడు. మన చిత్రకారులు దామెర్ల రామారావునకు, అడివి బాపిరాజునకు దారి చూపినవాడాయనయే.

ఉన్మాదమే ప్రతిభకు మూలమని వాదించువారు కోజెన్సును, కాట్మన్‌ను, రస్కిన్‌ను సాక్షులుగా పిలుచుచుందురు. ఆ సాక్షులు చెప్పునది అందుకు విరుద్ధము. కోజెన్స్ చిత్రములు వ్యాధికి ముందటివి. వ్యాధి వచ్చినపిమ్మట ఖ్యాతి పెరిగినది నకలు చేసినవారిది. కాట్మన్ ఉత్తమచిత్రములు నిగ్రహముగల చేతివి; రస్కిన్ బోధన నెమ్మదిగానున్న యేండ్లది. వ్యాధి వారికిచ్చిన దేదియు లేదు, పనిదినములను దొంగిలించుట తప్ప.

ఉన్మాదవిషాదములు రెండును ఒకే వ్యాధికి రెండు ముఖములని ఫ్రెంచి వైద్యులు 1850లలో గుర్తించిరి; 1899లో జర్మనీ వైద్యుడు క్రేపెలిన్ దానికి శాస్త్రీయమైన ఆకృతి కల్పించెను; 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం లవణముతో ఉన్మాదము శమించుటను ప్రకటించెను. నేడు దానినే బైపోలార్ అనుచున్నారు. అటు బొమ్మలు గీయుటను రోగుల కాసుపత్రిలోనే కల్పించిన ప్రయత్నమును ఇదే కాలమున సాగినది: 1946లో ఇంగ్లండులోని నెదర్న్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ ఆడమ్సన్ అను చిత్రకారుడు రోగుల కొఱకు చిత్రశాల తెరచి, బోధింపక, దిద్దక, వారికి కుంచెలు, కాగితములు, కొంత చోటు ఇచ్చెను. మన్రో చేతిలో విడివిడిగా నుండిన వైద్యము, రంగులు, ఇట్లు నూటయేబదియేండ్లకు ఒక కప్పు క్రిందికి వచ్చినవి.

ఈ వ్యాధితో జీవించుచు నీటిరంగులు నేర్వగోరు పాఠకు లెవరైన నున్నచో వారికొక మాట. కోజెన్స్ పటముల జోలికి మొదట పోవలదు. కాట్మన్ గ్రీటా వంతెన ప్రతి నెదుట పెట్టుకొని, రెండు వన్నెలతో, పొర ఆరినపిమ్మటనే పొర వేయుచు నకలు చేసి చూడుడు. ఉత్సాహము మితిమీరిన రాత్రులు రంగులపెట్టె మూసి నిద్రింపుడు. వైద్యుడిచ్చిన మందును చిత్రము కుదిరిన నాడును మానకుడు, కుదరని నాడును మానకుడు.