మూలుగను కాపాడు చిత్రములు

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్సు-కిరణములను కనుగొనెను. మరుసటి సంవత్సరముననే వైద్యులు వానిని కాన్సరు గడ్డలపై ప్రయోగింప మొదలిడిరి. కాని 1903లో హైనెకె అను జర్మను వైద్యుడు, ఆ కిరణములు సోకిన జంతువుల ఎముకలలోని మూలుగ క్షీణించుటను గమనించెను. 1906లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు బెర్గోనియే, ట్రిబోండో ఇందుకు కారణమును సూత్రీకరించిరి. త్వరత్వరగా విభజన చెందు కణములే కిరణములకు ముందుగా నశించును. కాన్సరు కణమునకు గల ఈ లక్షణమే రక్తకణములను పుట్టించు మూలుగ కణమునకును గలదు.

మందులకును ఇదే చిక్కు. 1895లోనే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధన బృందము అమినాప్టెరిన్ అను మందును తయారుచేసెను. అది రక్తకాన్సరు గల పిల్లలకు తాత్కాలిక ఉపశమన మిచ్చినట్లు 1948లో ఫార్బరు ప్రకటించెను. ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డగించి కణవిభజనను ఆపు ఈ మందు మూలుగను గూడ దెబ్బతీయును. రక్తముతో ఒడలంతయు ప్రాకు మందును ఫలానా ఎముకను తప్పించి పొమ్మనలేము. కిరణమునకైతే త్రోవ చూపవచ్చును.

అందుకు మూలుగ ఉనికి తెలియవలెను. పెద్దవారిలో పనిచేయు ఎఱ్ఱ మూలుగలో సుమారు సగము కటి ఎముకలలోను, నడుము వెన్నుపూసలలోను ఉండును. గర్భాశయ ముఖద్వార కాన్సరునకు కిరణములు సోకునదియు ఆ ప్రాంతముననే. 1999 నుండి కిరణములతో సిస్‌ప్లాటిన్ అను మందును చేర్చుట వాడుకలోనికి వచ్చి మూలుగపై భారము హెచ్చెను. తెల్లకణములు మిక్కిలి తగ్గినచో మందు ఆపవలసివచ్చును. చికిత్స కుంటుపడిన కాన్సరు తిరిగి తలయెత్తవచ్చును.

1971లో హౌన్స్‌ఫీల్డు తొలిసారిగా రోగికి వినియోగించిన సి.టి. యంత్రము ఎముక ఆకారమును చూపును గాని, అందు మూలుగ ఎచ్చట చురుకుగా నున్నదో చెప్పదు. ఆ పని పెట్ చిత్రము చేయును. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను సూదిమందుగా నెక్కించిన, చురుకైన మూలుగ దానిని హెచ్చుగా గ్రహించి చిత్రమున వెలుగును. ఈ పటము ననుసరించి కంప్యూటరు ఒక్కొక్క దిక్కునుండి వచ్చు కిరణ తీవ్రతను మార్చి ఆ భాగములకు తక్కువ మోతాదు అందునట్లు చేయును.

2017లో 83 మంది రోగులపై జరిగిన ఒక పరిశీలన ప్రకటింపబడెను. చిత్రముల సాయముతో మూలుగను తప్పించిన వారిలో నూటికి సుమారు 9 మందికి, తక్కినవారిలో సుమారు 27 మందికి తెల్లకణములలో ఒక రకమైన న్యూట్రోఫిలులు తీవ్రముగా పడిపోయెను. సంఖ్య చిన్నది గనుక ఇది తుదితీర్పు కాదు. మూలుగను తప్పించు తొందరలో గడ్డకు చేరవలసిన మోతాదు తగ్గరాదు. ఈ రెండింటిని సరితూచుటయే నేటి కిరణ వైద్యుని ముందున్న సమస్య.