నులివెచ్చని విశ్వాసం

దేవుణ్ణి వదిలిపెట్టకుండానే, ఆయనతో పెద్దగా పని లేదన్నట్టు బతికే స్థితిని క్రైస్తవ బోధలో నులివెచ్చని విశ్వాసం అంటారు. ఈ స్థితిలో ఆరాధన ఆగదు, కానుక ఆగదు, ప్రభువు బల్లలో పాలు పొందడమూ ఆగదు. ఆగిపోయేది పశ్చాత్తాపం ఒక్కటే. నాస్తికత్వం వేరు, సందేహం వేరు, ప్రార్థనలో వచ్చే అలసట వేరు. ఈ మూడింటినీ దీనితో కలిపేయడం వల్ల సంఘాల్లో చాలామంది అమాయకులు నొచ్చుకున్నారు.

ఈ మాటకు ఆధారం ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో 14 నుంచి 22 వరకు ఉన్న వచనాలు. రోమా సామ్రాజ్యంలోని ఆసియా రాష్ట్రంలో ఉన్న ఏడు సంఘాలకు పత్మాసు ద్వీపం నుంచి యోహాను రాసిన సందేశాల్లో ఇది ఆఖరుది, లవొదికయ సంఘానికి వచ్చినది. గ్రంథ రచన క్రీ.శ. 95 ప్రాంతంలో, దొమితియన్ చక్రవర్తి కాలంలో జరిగిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఏడు సంఘాల్లో ఒక్క మెప్పు మాట కూడా దక్కనిది లవొదికయే. చచ్చిపోయిందనిపించుకున్న సార్దీసులో సైతం నమ్మకంగా నిలిచిన కొద్దిమంది ఉన్నారని ఆ లేఖ చెబుతుంది. లవొదికయకు ఆ పాటి ఊరట కూడా లేదు. అయినా ఈ సంఘం మీద విగ్రహారాధన నేరం లేదు, దుర్బోధ నేరం లేదు, వ్యభిచార నేరమూ లేదు. తనకు ఏ కొదువా లేదని అనుకోవడమే దాని మీద మోపిన నేరం.

లవొదికయ పట్టణం

ఇప్పటి తుర్కియేలోని దెనిజ్లి నగరం దగ్గర, లైకస్ నది లోయలో దీని శిథిలాలు ఉన్నాయి. సెల్యూకస్ వంశపు రాజు రెండవ అంతియొకస్ క్రీ.పూ. 3వ శతాబ్దం మధ్యలో ఈ పట్టణాన్ని కట్టించి భార్య లవొదికె పేరు పెట్టాడు. లోయకు ఉత్తరాన వేడినీటి ఊటల హియెరాపొలి, తూర్పు వైపు కొలొస్సయి ఉన్నాయి. మూడు పట్టణాల్లోనూ తొలి తరంలోనే సంఘాలు ఏర్పడ్డాయి. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికను బట్టి, ఆ ప్రాంతపు వాడైన ఎపఫ్రా ఈ మూడు చోట్ల విశ్వాసుల కోసం ఎంతో ప్రయాసపడ్డాడు. ఆ పత్రికను లవొదికయలోనూ చదివించాలని పౌలు కోరాడు. అంటే ఇది వాక్యం అందని సంఘం కాదు. అపొస్తలుడి పత్రిక చేతికి అందిన సంఘమే ముప్పై నలభై ఏళ్లలో ఇలా అయింది.

డబ్బుకు ఈ ఊళ్లో లోటు లేదు. హియెరో అనే పౌరుడు రెండు వేల తలాంతులకు పైగా ఆస్తిని పట్టణానికి రాసిచ్చాడని భూగోళ రచయిత స్ట్రాబో నమోదు చేశాడు. కాకి నలుపులో నిగనిగలాడే ఇక్కడి గొర్రె ఉన్ని వల్ల పట్టణానికి మంచి రాబడి వచ్చేదని కూడా అతడే రాశాడు. క్రీ.శ. 301లో దియొక్లెతియన్ చక్రవర్తి విడుదల చేసిన ధరల శాసనంలో సైతం లవొదికయ బట్టల ప్రస్తావన ఉంది. ఊరికి కొంత దూరంలో, మెన్ అనే దేవుడి గుడి దగ్గర, పేరున్న వైద్య పాఠశాల నడిచేది. అన్నిటికంటే పెద్ద నిదర్శనం క్రీ.శ. 60లో వచ్చిన భూకంపం. ఊరు కూలింది. రోము ఖజానా నుంచి ఏ సాయమూ లేకుండా లవొదికయ తన సొమ్ముతోనే మళ్లీ లేచిందని చరిత్రకారుడు టాసిటస్ ప్రత్యేకంగా చెప్పాడు. రెండు దశాబ్దాలు తిరగకముందే, క్రీ.శ. 79లో, నికోస్త్రాతస్ అనే ధనికుడు సొంత ఖర్చుతో కట్టించిన క్రీడా ప్రాంగణం ప్రారంభమైంది.

ఎవరి ముందూ చెయ్యి చాచకపోవడం ఒక పట్టణానికి గొప్పే. ఆ పౌర గర్వమే ఆదివారం సంఘంలోకి కూడా వచ్చి కూర్చుంది. ధనం సంపాదించుకున్నాం, మాకేమీ తక్కువ లేదు అనే ధోరణిని లేఖ వాళ్ల నోటి మాటగానే చూపిస్తుంది. ఎఫ్రాయిము ఇలాగే మురిసిపోయిందని అంతకు ఎనిమిది శతాబ్దాల ముందే హోషేయ ప్రవక్త (12:8) అన్నాడు. లేఖ వాళ్లను దరిద్రులు, గుడ్డివాళ్లు, దిగంబరులు అని పిలిచి, మంటలో పుటం వేసిన బంగారం, తెల్లని వస్త్రాలు, కంటికి వేసుకునే కాటుక ప్రభువు దగ్గర కొనుక్కోమంటుంది. సొమ్ము, ఉన్ని, వైద్యం ఉన్న ఊరికి ఇంతకంటే సూటిగా తగిలే మాటలు ఉండవు. కంటి మందును నేరుగా ఆ వైద్య పాఠశాలతో ముడిపెట్టే వ్యాఖ్యానాలు ప్రచారంలో ఉన్నాయి కానీ, దానికి ఆధారం బంగారం, ఉన్నిల విషయంలో ఉన్నంత బలంగా లేదు.

నీళ్ల మీద వాదం

వేడిగానూ చల్లగానూ లేని దాన్ని నోటి నుంచి ఉమ్మివేస్తాననే లేఖలోని హెచ్చరికను చాలాకాలం ఉత్సాహం కొలతగా చదివారు. వేడి అంటే భక్తి, చల్లదనం అంటే అవిశ్వాసం, మధ్యలో ఉన్నది నులివెచ్చన. అలా చదివితే ఒక చిక్కు వస్తుంది. అరకొర విశ్వాసం కంటే పూర్తి అవిశ్వాసమే మేలని ప్రభువు కోరుకుంటాడా? 1957–58లో రడ్విక్, గ్రీన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఒక వ్యాసంలో దీనికి మరో దారి చూపారు. హియెరాపొలి వేడినీళ్లు ఒంటికి మేలు చేస్తాయి, కొలొస్సయి చన్నీళ్లు దాహం తీరుస్తాయి, లవొదికయకు చేరే నీళ్లు రెంటికీ పనికిరావు అన్నారు. ఈ వాదంలో వేడీ మంచిదే, చల్లదనమూ మంచిదే. తప్పంతా పనికిరాకపోవడంలో ఉంది. 1986లో కోలిన్ హెమర్ ఏడు సంఘాల మీద రాసిన పుస్తకంతో ఈ వివరణ ప్రసంగ వేదికల దాకా వెళ్లింది.

అయితే ప్రసంగాల్లో ఇది కొంచెం పెరిగింది. లవొదికయ నీళ్లు తాగితే వాంతి అయ్యేదని ఇప్పటికీ చెబుతుంటారు. దక్షిణపు ఊటల నుంచి నీళ్లు తెచ్చిన మట్టి గొట్టాలు శిథిలాల్లో నేటికీ కనిపిస్తాయి. వాటి లోపలి గోడలకు సున్నపు గార మందంగా పేరుకుని, కొన్నింటిలో నీరు పారే దారి బాగా సన్నబడిపోయింది. నీళ్లలో సున్నం ఎక్కువన్నది నిజమే. కానీ అవి రాయిగా గడ్డకట్టే స్వభావం ఉన్నవైనా తాగడానికి పనికొచ్చేవేనని స్ట్రాబో స్పష్టంగా రాశాడు. తవ్వకాల్లో దొరికిన క్రీ.శ. 114 నాటి పాలరాతి శాసనం ఆ నీటిని పాడుచేసినా, గొట్టాలకు కన్నం వేసి దొంగిలించినా భారీ జరిమానాలు విధిస్తుంది. పనికిరాని నీటిని ఏ పట్టణమూ అంత భద్రంగా కాపాడుకోదు. 2003లో క్రెయిగ్ కోస్టర్ స్థానిక నీటి కథను ప్రశ్నించి, ఆనాటి విందుల్లో పానీయాన్ని వేడిగానో చల్లగానో అందించే అలవాటు వైపు దృష్టి మళ్లించాడు. గది వేడిమికి వచ్చేసిన పానీయం ఎవరికీ రుచించదు. ఈ వివరణే లేఖకు బాగా నప్పుతుంది. ఎందుకంటే లేఖ ముగింపులో తలుపు దగ్గర నిలబడి తట్టేవాడు అడిగేది లోపలికి వచ్చి కలిసి భోజనం చేయడాన్నే.

ఆ తలుపు సంగతి కూడా గమనించాలి. ఇంగ్లండు చిత్రకారుడు విలియం హోల్మన్ హంట్ 1851–53లో వేసిన ‘లోకపు వెలుగు’ చిత్రం వల్ల, తర్వాత సువార్త సభల వల్ల, ఈ వచనం అవిశ్వాసి హృదయానికి ఇచ్చే ఆహ్వానంగా స్థిరపడింది. సువార్త సభలో అలా వాడటం తప్పని చెప్పలేం. కానీ లేఖలో ప్రభువు నిలబడింది తన సొంత సంఘం గుమ్మం బయట. బాప్తిస్మం పొందినవాళ్లు లోపల ఉన్నారు.

తర్వాతి చరిత్ర

4వ శతాబ్దం రెండో సగంలో ఇదే లవొదికయలో ఒక ప్రాంతీయ సభ జరిగింది. దాని తీర్మానాల్లో ఆఖరుదిగా లెక్కించే 60వ నియమం సంఘంలో చదవదగిన గ్రంథాల జాబితా ఇస్తుంది. అందులో ప్రకటన గ్రంథం లేదు. ఆ జాబితా సభ చేసినదేనా, తర్వాత చేర్చిందా అన్న చర్చ ఉంది. ప్రకటనను తూర్పు సంఘాలు చాలాచోట్ల ఆలస్యంగా అంగీకరించాయి కాబట్టి, ఒక్క లవొదికయనే తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈజిప్టు ఎడారి సన్యాసులు నులివెచ్చదనమనే జబ్బును మరో రూపంలో చూశారు. క్రీ.శ. 399లో మరణించిన పొంతుకు చెందిన ఎవగ్రియస్, మధ్యాహ్నం వేళ సన్యాసిని పట్టే మనోజాడ్యాన్ని కళ్లకు కట్టినట్టు రాశాడు. ఎండ కదలనట్టు ఉంటుంది. అతడు పదేపదే కిటికీ వైపు చూస్తాడు, భోజనవేళకు ఇంకెంతసేపుందో సూర్యుణ్ణి బట్టి లెక్కపెడతాడు, సహోదరుల్లో ఎవరైనా వస్తున్నారేమోనని బయటికి వచ్చి చూస్తాడు. ఉన్న చోటు మీద, చేసే పని మీద అసహ్యం పుడుతుంది. దీన్ని తర్వాతి పాశ్చాత్య బోధ సోమరితనం అనే పాపంలో కలిపేసింది. ఆ కలపడంలో నష్టమే జరిగింది. ఎవగ్రియస్ చెప్పినది ఒళ్లు వంగకపోవడం గురించి కాదు, దేవుడి విషయాల్లో మనసు చెడిపోవడం గురించి.

ప్రొటెస్టెంటు లోకంలో 1741 జూలై 25న ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీ చర్చిలో జాన్ వెస్లీ చేసిన ‘దాదాపు క్రైస్తవుడు’ ప్రసంగం ముఖ్యమైనది. అపొస్తలుల కార్యాలు 26వ అధ్యాయంలో అగ్రిప్ప రాజు అన్న మాట దానికి ఆధారం. తానూ ఎన్నో ఏళ్లు అలాంటివాడిగానే ఉన్నానని వెస్లీ ఆ వేదిక మీదే ఒప్పుకున్నాడు. డెన్మార్కులో కీర్కెగార్డ్ 1854–55లో రాజ్యసంఘంపై చేసిన దాడి ఇంకా పదునైనది. పుట్టుకతోనే అందరూ క్రైస్తవులయ్యే దేశంలో క్రీస్తును వెంబడించడానికి చోటే లేకుండా పోయిందని అతని బాధ. జర్మనీలో బోన్‌హోఫర్ 1937లో వెలువరించిన ‘వెంబడింపు’ గ్రంథంలో చౌక కృప అనే మాటతో ఇదే రోగాన్ని గుర్తించాడు. పశ్చాత్తాపం లేని క్షమాపణ, సిలువ లేని కృప అన్నవి అతని దృష్టిలో సంఘానికి ప్రాణాంతక శత్రువులు. నాజీల చేతిలో 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కిన మనిషి రాసిన మాటలివి.

ఏది నులివెచ్చదనం కాదు

ప్రార్థనలో కన్నీళ్లు రాకపోవడం, పాటలో మనసు లగ్నం కాకపోవడం, ప్రశ్నలు వేధించడం నులివెచ్చదనం కాదు. తన అపనమ్మకానికి సాయం చేయమని ఏడ్చిన తండ్రిని (మార్కు 9) యేసు గద్దించలేదు, అతని కొడుకును బాగుచేశాడు. 2007లో వెలుగుచూసిన మదర్ తెరెసా ఉత్తరాలు ఆమె దశాబ్దాల తరబడి దేవుడి సన్నిధి తెలియని చీకటిలో నడిచిందని చూపించాయి. ఆమె సేవ మాత్రం ఆగలేదు. ఆకలి ఉన్నవాడికి, తిండి దొరక్కపోయినా, తాను ఆకలితో ఉన్నానని తెలుసు. లవొదికయకు ఆకలే వేయలేదు. కాబట్టి ఉద్రేకం తగ్గిన ప్రతి విశ్వాసినీ నులివెచ్చనివాడని వేదిక మీద నుంచి బెదిరించడం ఈ లేఖను దుర్వినియోగం చేయడమే. గొంతు పెంచి, వాద్యాల జోరు పెంచి వేడి పుట్టించడం దానికి మందు కూడా కాదు. లేఖ చెప్పిన మందు పశ్చాత్తాపం.

తెలుగునాట

తెలుగు సంఘాల్లో ఈ ఆందోళన మొదటినుంచీ ఉంది. 1876–78 కరువు కాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం ఒప్పందానికి తీసుకుని వేలమందికి పని చూపించాడు. కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని అతని పట్టుదల. కరువు తీరాక, సాయం ఇక అందదని చెప్పినా జనం వెనక్కి తగ్గలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఆ తర్వాత దోర్నకల్ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందినవాళ్లు తలపై చెయ్యి పెట్టుకుని సువార్త చెబుతామని మాట ఇచ్చేలా చేసి, నామకార్థ క్రైస్తవ్యాన్ని మొదట్లోనే అడ్డుకోవాలని చూశాడు. 20వ శతాబ్దంలో భక్త సింగ్ హైదరాబాదులో నెలకొల్పిన హెబ్రోను సహవాసమూ పేరుకు మాత్రమే ఉండే సభ్యత్వాన్ని ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక అన్యాయం గురించి చెప్పాలి. అరకొర విశ్వాసం అనే నింద ఈ నేల మీద ఎక్కువగా పడింది పేద, దళిత క్రైస్తవుల నెత్తినే. లేఖ ఆ నిందను వాళ్ల మీద మోపలేదు. అది నిండు ఖజానా ఉన్న సంఘానికి వచ్చిన ఉత్తరం. ఈనాటి మన మధ్య దానికి సరైన చిరునామా వెదకాలంటే పెద్ద భవనాలు, స్థిరమైన ఆదాయం, విదేశాల్లో స్థిరపడ్డ బిడ్డలు ఉన్న సంఘాల వైపే ముందు చూడాలి.

ప్రకటన 3:14–22ను చదివేవాళ్లు అదే గ్రంథం 2వ అధ్యాయంలోని 8 నుంచి 11 వచనాలను కూడా పక్కన పెట్టుకోండి. అది స్ముర్న సంఘానికి రాసిన లేఖ. స్ముర్న దరిద్రంలో ఉంది, శ్రమల్లో ఉంది. దాన్ని ప్రభువు ధనవంతురాలని పిలిచాడు, ఒక్క గద్దింపూ లేకుండా.