ట్యూబా నాదం ఎక్కడ తయారవుతుంది?

గ్రామదేవత పండగ ఊరేగింపులో పలికే కొమ్ముబూరదీ, పెళ్లి బ్యాండులో అడుగు స్వరం మోసే ట్యూబాదీ ఒకే సూత్రం. రెండింటిలోనూ నాదం పుట్టేది పెదవుల కంపనంలోనే. కొమ్ముబూర మూతి సాధారణంగా గొట్టంతో కలిసే ఉంటుంది. ట్యూబా మౌత్‌పీస్‌ని మాత్రం ఊడదీసి మార్చుకోవచ్చు. చరిత్రకారులు మౌత్‌పీస్‌ని పెద్దగా పట్టించుకోరు. 1835లో బెర్లిన్‌లో వీప్రెహ్ట్, మోరిట్స్ అనే ఇద్దరు పేటెంటు పొందిన ఐదు వాల్వుల బేస్ ట్యూబా దగ్గర మొదలుపెట్టి, కథంతా వాల్వుల చుట్టూనే తిప్పుతారు. వాల్వుల వల్ల స్వరాలన్నీ అందిన మాట నిజం. ఆ స్వరం మెత్తగా పలకాలా, పదునుగా పలకాలా అన్నది మాత్రం చాలావరకు మౌత్‌పీస్ చేతిలో ఉంది.

ట్రంపెట్ మౌత్‌పీస్ లోపలి వెడల్పు 16, 17 మిల్లీమీటర్లు. ట్యూబాది 30 పైమాటే. పెదవికి అంత చోటిస్తేనే సుమారు 18 అడుగుల గొట్టంలో గాలి కదులుతుంది. అంతకన్నా ముఖ్యం లోతు. లోపల గిన్నెలా గుండ్రంగా తొలిస్తే స్వరం స్పష్టంగా అందుకుంటుంది, గరాటులా సన్నబడుతూ పోతే నాదం నిండుగా, మెత్తగా వస్తుంది. అమెరికాలోని సూసా బ్యాండులో ట్యూబా వాయించిన ఆగస్ట్ హెల్లెబర్గ్ పేరుతో అక్కడి కాన్ కంపెనీ తయారుచేసిన లోతైన గరాటు రకాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. గొట్టంలోకి దూర్చే కాడలోనూ తేడాలున్నాయి: ఐరోపా రకం లావు, అమెరికా రకం కాస్త సన్నం. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే కాడ ఎక్కువో తక్కువో దిగి శ్రుతి చెడుతుంది.

ఊపిరీ సాధనా ఉంటే ఏ మౌత్‌పీసైనా ఒకటేనని కొందరంటారు. కానీ మౌత్‌పీస్ అంచు మీద అరచేత్తో కొడితే ‘టప్’మని ఒక స్వరం వినిపిస్తుంది. గిన్నె పరిమాణాన్నీ గొంతు సన్నదనాన్నీ బట్టి మారే ఆ స్వరం, వాద్యంలో ఏ అనుస్వరాలు బలపడాలో ప్రభావితం చేస్తుంది. ఆరితేరినవారు ఆ తేడాని పెదవితో సర్దుకోగలరు, కానీ ఊరేగింపు పొడవునా అలా సర్దుకుంటూ వాయించడం శ్రమ. పరాయి వాద్యానికి ఇంత చర్చ ఎందుకనే మాటా ఉంది. కానీ వయొలిన్ కూడా ఐరోపా నుంచే వచ్చి మనదైంది. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు దాన్ని నేర్పారు. మౌత్‌పీస్‌ని ఇక్కడే చేసుకోవడానికి పునాదీ ఉంది: శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పోతపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. మౌత్‌పీస్‌కి పోత ఒక్కటే చాలదు, లేతు మీద సూక్ష్మంగా తొలవాలి. ఆ రెండు పనులనూ కలిపి, బ్యాండు వాద్యగాడి పెదవికి తగిన కొలతతో ఇక్కడే చేయించే ప్రయత్నం జరగాలి.