ఒకే కస్టమర్, రెండు క్లాసులు

టెస్టు ఎర్రబడింది. ట్రూ రావాల్సిన చోట ఫాల్స్ వచ్చింది. మీ ముందున్నది జావా కోడు, దాని కింద హైబర్నేట్. పోలుస్తున్నవి రెండు కస్టమర్ ఆబ్జెక్టులు. ఒకటి ఇందాకటి సెషన్‌లో తెచ్చి, ఆ సెషన్ మూసేశాక కూడా చేతిలో ఉంచుకున్నది. రెండోది ఇప్పటి సెషన్‌లో ఆర్డర్ ద్వారా అందింది. రెండింటి ఐడీ 42. టేబుల్లో ఉన్నది ఒక్క వరుసే.

ఈక్వల్స్ మీద బ్రేక్‌పాయింట్ పెట్టి మళ్లీ నడుపుతారు. ఆగింది. మొదటిదాని క్లాసు కస్టమర్. రెండోదాని క్లాసు పేరు చూడండి: కస్టమర్, డాలర్ గుర్తు, హైబర్నేట్‌ప్రాక్సీ. ఈ క్లాసు మీ బృందంలో ఎవరూ రాయలేదు. ప్రోగ్రాం నడుస్తుండగా బైట్‌బడ్డీ లైబ్రరీ పుట్టించిన సబ్‌క్లాసు ఇది. ఆర్డర్ నుంచి కస్టమర్‌కు ఉన్న సంబంధాన్ని లేజీ అన్నారు కదా, అవసరం పడేదాకా డేటాబేస్ దాకా పోకుండా హైబర్నేట్ దీన్ని నిలబెట్టింది. ఐడీఈ రాసిచ్చిన ఈక్వల్స్‌లో ఫీల్డుల కంటే ముందు జరిగేది గెట్‌క్లాస్ పోలిక. అక్కడే దెబ్బతింది.

తిరగేసి అడిగి చూడండి: ప్రాక్సీ మీద ఈక్వల్స్ పిలవండి. లాగ్‌లో సెలెక్ట్ క్వెరీ కనిపించింది. పిలుపు లోపలి అసలు ఆబ్జెక్టుకు చేరింది. అది కస్టమరే కాబట్టి జవాబు ట్రూ. ఎటునుంచి అడిగినా ఒకటే జవాబు రావాలన్నది ఈక్వల్స్ నియమం. ఇక్కడ అది తప్పింది.

గెట్‌క్లాస్ తీసేసి ఇన్‌స్టాన్స్‌ఆఫ్ పెడతారు. ఇంకా ఎరుపే. డీబగ్గర్‌లో ప్రాక్సీని విప్పండి. టూస్ట్రింగ్‌లో కస్టమర్ పేరు చక్కగా కనిపిస్తోంది, ఫీల్డుల్లో మాత్రం ఐడీ నల్, పేరు నల్. ప్రాక్సీ అడ్డుకోగలిగేది మెథడ్ పిలుపునే. ఫీల్డును నేరుగా చదివితే దానికి తెలియనే తెలియదు. డేటా వచ్చినా చేరేది లోపలి ఆబ్జెక్టులోకే, ఈ ఫీల్డులు ఎప్పటికీ ఖాళీయే. మీ ఈక్వల్స్ చదువుతున్నది సరిగ్గా వీటినే. ఆ చోట గెట్‌ఐడీ పిలుస్తారు. పచ్చబడింది. ఐడీ ప్రాక్సీకి ముందే తెలుసు కనుక దానికోసం క్వెరీ కూడా వెళ్లలేదు.

కమిట్ చేసే ముందు హ్యాష్‌కోడ్ కూడా చూడండి. అది ఐడీ మీద లెక్క కడుతోంది. ఐడీ ఇచ్చేదేమో డేటాబేస్. అంటే సేవ్‌కు ముందు హ్యాష్‌సెట్‌లో వేసిన కొత్త కస్టమర్, సేవ్ అయ్యాక అదే సెట్‌లో వెతికితే దొరకడు. హ్యాష్‌కోడ్‌ను క్లాసంతటికీ ఒకే స్థిరసంఖ్య చేయండి. ఐడీ ఇంకా నల్‌గా ఉన్న ఆబ్జెక్టు తనకు తప్ప ఇంక దేనికీ సమానం కాదని ఈక్వల్స్‌లో రాయండి. సెట్‌లో వేసి, సేవ్ చేసి, వెతికే టెస్టు ఒకటి జోడించి అప్పుడు కమిట్ చేయండి.