సైకిల్ పందెం కొండెక్కిన కథ

టూర్ డి ఫ్రాన్స్‌ని కనిపెట్టింది ఆటగాళ్లు కాదు, పత్రికవాళ్లు. ఎదుటి పత్రిక పాఠకుల్ని తనవైపు లాక్కోవడానికి పారిస్‌లోని ‘లోటో’ అనే క్రీడాపత్రిక 1903లో దేశం చుట్టూ సైకిల్ పందెం పెట్టింది. సంపాదకుడు ఆన్రి దెగ్రాంజ్. పందెంతోపాటు పత్రికా దౌడు తీసింది. కానీ ఏటా అదే పందెమైతే జనం ఎన్నాళ్లు చదువుతారు? 1905లో వోజ్ కొండల్లోని బలోన్ దల్సాస్ ఎక్కించారు. అందరికన్నా ముందు పైకి చేరిన రెనె పొతియే ఆ ఏడు పందెం పూర్తి చేయలేకపోయాడు. కొండ గెలిచినవాడు పందెం గెలవాలని లేదన్న సంగతి మొదటి కొండ దగ్గరే తేలిపోయిందన్నమాట. పొతియేకి మరుసటి ఏడు పందెం దక్కింది.

అసలు కథ 1910లో మొదలైంది. ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులోని పిరనీస్ పర్వతాల మీదుగా పోదామని పట్టుబట్టినవాడు దెగ్రాంజ్ సహాయకుడు అల్ఫోన్స్ స్తైనేస్. దారి చూసి వస్తానని తుర్మలే కనుమకు కారులో బయల్దేరాడు. మంచు అడ్డం రావడంతో కారు ఆగింది. రాత్రిపూట కాలినడకన కనుమ దాటబోయి దారి తప్పాడు. వెతకడానికి వచ్చినవాళ్లకు దొరికేసరికి చలికి సగం చచ్చి ఉన్నాడు. పారిస్‌కు మాత్రం తుర్మలే దాటానని, రోడ్డు బ్రహ్మాండంగా ఉందని తంతి కొట్టాడట. పర్వత పందేల చరిత్రకు ఇంత అందమైన అబద్ధం పునాది కావడం నాకు భలే నచ్చుతుంది.

ఆ ఏడు జూలై 21న లూషోన్ నుంచి బయోన్ దాకా 326 కిలోమీటర్లు. మధ్యలో పెరసూర్ద్, ఆస్పాఁ, 2,115 మీటర్ల తుర్మలే, ఆ తర్వాత ఒబిస్క్. తారు లేని రాళ్లదారి. గేర్లు లేవు. చాలామంది దిగి సైకిలు తోసుకుంటూ ఎక్కారు. తుర్మలేని దిగకుండా తొక్కిన గుస్తావ్ గారిగుకి వంద ఫ్రాంకుల బహుమతి ఇచ్చారు. ఒబిస్క్ మీద కాచుకున్న నిర్వాహకుల ముందుకు మొదట వచ్చినవాడు పేరున్న వీరుడెవడూ కాదు, లఫుర్కాద్ అనే స్థానికుడు. పావుగంట తర్వాత ఆక్తావ్ లపీజ్ వచ్చాడు. మీరు హంతకులు అని వాళ్ల ముఖం మీదే అరిచి ముందుకు సాగాడు. 14 గంటలకు పైగా తొక్కి ఆ అంచె గెలిచాడు. తర్వాత పందెమూ గెలిచాడు. అంతగా తిట్టించుకున్నా నిర్వాహకులు వెనక్కి తగ్గలేదు. తిట్టు కూడా వార్తే కదా! మరుసటి ఏడే ఆల్ప్స్‌లోని గలిబియే కూడా చేర్చారు.

అప్పటి నిబంధనలూ కొండలంత కఠినం. 1913లో తుర్మలే దిగుతుండగా యూజేన్ క్రిస్తోఫ్ సైకిలు ముందు ఫోర్కు విరిగింది. మరమ్మతు ఎవరికి వారే చేసుకోవాలి. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సాంత్ మరీ ద కంపాఁ అనే ఊళ్లో కమ్మరి కొలిమి చేరాడు. పందెం అధికారి పక్కన నిలబడి చూస్తుండగా ఇనుము కాల్చి తనే అతికాడు. అయితే తిత్తి ఊదడానికి ఒక కుర్రాడు చెయ్యి వేశాడని దానికీ జరిమానా! పందెం గెలిచే అవకాశం ఆ కొలిమి దగ్గరే పోయింది. తర్వాత ఎప్పుడూ అతనికి టూర్ దక్కలేదు.

గేర్లంటే దెగ్రాంజ్‌కి గిట్టదు. అవి 45 ఏళ్లు దాటినవాళ్లకేనని వెక్కిరించేవాడు. వెనక చక్రానికి రెండు పక్కలా రెండు పళ్లచక్రాలు ఉండేవి. కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకోవాలి. మీట లాగితే చైను మారే గేర్లను టూర్‌లో అనుమతించింది 1937లో, దెగ్రాంజ్ పగ్గాలు వదిలాకే.

గేర్లొచ్చాయి, తారు పడింది, కొండ కాస్త మెత్తబడింది. మరో చిక్కు కూడా ఉండేది. శిఖరం మీద నాలుగు నిమిషాలు ముందున్నవాడిని దిగుడులోనూ లోయలోనూ గుంపు పట్టేసేది. అందుకని 1952లో ముగింపు గీతను కొండమీదే గీశారు. 21 మలుపుల ఆల్ప్ దుయెజ్ పైన టూర్ మొట్టమొదటి శిఖర ముగింపు. గెలిచినవాడు ఫాస్తో కొప్పి. ఆ ఏడు సెస్త్రియెరె, పుయి ద దోమ్ శిఖరాల మీది ముగింపులు కూడా అతనివే.

కొండ దగ్గర లెక్క మారడానికి కారణం గాలి. చదును రోడ్డు మీద తోటివాడి వెనక నక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే జట్టు నాయకుడి చుట్టూ సహాయకులు గోడ కడతారు. ఏటవాలు పెరిగి వేగం పడిపోతే గాలి అడ్డు తగ్గిపోతుంది, దాంతో ఆ గోడకూ విలువ ఉండదు. ఇక మిగిలేది ఒంటి బరువు, దాన్ని పైకి మోసే సత్తువ. కిలో బరువుకు ఎన్ని వాట్లు అన్నదే అక్కడ జాతకం. 1971లో ఓర్సియేర్ మెర్లెత్ శిఖరం మీద లూయిస్ ఒకాన్యా, అప్పటిదాకా టూర్‌లో ఓటమి ఎరగని ఎడీ మెర్క్స్‌ని 8 నిమిషాల 42 సెకన్లు వెనక్కి నెట్టాడు. నాలుగు రోజుల తర్వాత పిరనీస్‌లో కుంభవృష్టి, మాంతె కనుమ దిగుడు, బురద. పందెంలో ముందున్నవాడు తొడిగే పసుపు చొక్కాతోనే ఒకాన్యా పడిపోయాడు. పందెం మెర్క్స్‌కి దక్కింది.

ఫ్రాన్స్‌కి తుర్మలే ఉంది. ఇటలీ పందెం 1990లో మోర్తిరోలో కనుమను వెతుక్కుంది. స్పెయిన్‌లో జరిగే వుయెల్తా వాళ్లకూ ఒక భయంకరమైన కొండ కావలసి వచ్చింది. అస్తూరియాస్‌లో పశువుల కాపర్ల దారి ఒకటుందని 1996లో ఒకాయన ఉత్తరం రాశాడు. అదే ఆంగ్లిరు. 12.5 కిలోమీటర్లు, సగటు ఏటవాలు 10 శాతం దాకా. సగం దారి దాటాక అసలు రంగు చూపిస్తుంది. ఒకచోట 23 శాతం దాటుతుంది, అంటే వంద మీటర్లు ముందుకు పోతే 23 మీటర్లు పైకి. 1999లో మొదటిసారి ఎక్కినప్పుడు పొగమంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చి హోసే మరియా హిమెనెత్ గెలిచాడు. 2002లో వానకు జట్టు కార్లే ఎక్కలేక ఆగిపోయాయి. పడి లేచి వచ్చిన డేవిడ్ మిల్లర్ గీతకు ముందే ఆగి, తన నంబరు అధికారుల చేతిలో పెట్టి పందెం వదిలేశాడు. ఆ రోజు గెలిచి పైచేయి సాధించిన రొబెర్తో ఏరాస్, చివరిరోజు ఒక్కొక్కరూ విడిగా తొక్కే సమయ పోటీలో ఐతోర్ గొన్సాలెస్‌కి మొత్తం పందేన్నే వదులుకున్నాడు.

ఇంత నిటారైన కొండమీద తేడాలు నిమిషాల్లో ఉంటాయనుకుంటాం. ఈమధ్య అలా జరగడం లేదు. ముందుంది మొసళ్ల పండగని తెలిసి అందరూ కిందే దాచుకుంటారు. పైన వేగం ఎంత తక్కువంటే, విరుచుకుపడ్డవాడు కూడా దూరం పోలేడు. 2020లో ఆంగ్లిరు మీద అందరూ చతికిలబడ్డాడన్న ప్రిమోజ్ రోగ్లిచ్, రిచర్డ్ కరపాస్‌కి కోల్పోయింది పది సెకన్లే. చివరికి పందెం గెలిచింది రోగ్లిచే. 2023లో ఇంకా వింత. వుయెల్తాలో ముందున్నవాడు తొడిగే ఎర్రచొక్కా సెప్ కస్‌ది, అతను ఎప్పుడూ ఇతరుల కోసం తొక్కే సహాయకుడు. ఆంగ్లిరు మీద సొంత జట్టు నాయకులు రోగ్లిచ్, వింగెగార్డ్ అతన్ని వదిలి పైకి పోయారు. కస్ ప్రత్యర్థి జట్టు మికెల్ లాండా చక్రం పట్టుకుని ఎక్కాడు. పైకి చేరేసరికి వింగెగార్డ్ కన్నా అతనికి మిగిలిన ఆధిక్యం 8 సెకన్లు. నాలుగు రోజుల తర్వాత మాడ్రిడ్‌లో ట్రోఫీ కస్‌దే.